ఖర్జూర తోటలో కట్టిన చీపురు

ఖతర్ వెళ్ళొచ్చానంటే మా వైపు వాళ్ళు మొదట అడిగేది బంగారం గురించి, తరవాత ఎండ గురించి. నేను రెండూ పెద్దగా ఎరగను. వెళ్ళింది మార్చిలో కాబట్టి ఎండ మా కోనసీమ ఎండకంటే నయంగానే ఉంది. బంగారం దుకాణాల వీధికి తీసుకెళ్తానని మా చెల్లి అన్న వారంలో నేను మేకల పెంటికలు ఎత్తుతున్నాను. ఎనిమిది రోజులు ఒక ఖర్జూర తోటలో, రసాయనాలు లేకుండా పండించుకుని తినే మనుషుల మధ్య ఉన్నాను. అక్కడ నా చేతులతో ఒక పొరపాటు చేశాను. దాన్ని వదిలేసి మిగతాది రాస్తే అందంగానే ఉంటుంది గానీ నిజం కాదు.

అల్ వక్రా

మా చెల్లి సునీత, మరిది అల్ వక్రాలో కాపురం. ఇద్దరూ పొద్దున్నే ఆఫీసులకు వెళ్ళిపోతారు. మొదటి వారం చేపల రేవుకు వెళ్ళి చూశాను. కింగ్ ఫిష్ అని రాసిన పలక కింద మా వంజరమే పడుకుని ఉంది. రెండో వారం బాల్కనీలో కూర్చుని లేసు అల్లాను. మూడో వారానికి అల్లడానికి దారం, చూడడానికి వీధి రెండూ అయిపోయాయి.

నేను బడికి వెళ్ళిన మనిషిని కాను. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల మా అమ్మ వంటింటి గట్టు మీదే అక్షరాలు దిద్దించి, బైబిలు చదివించి, లేసు నేర్పింది. దానితోనే నలభై ఆరేళ్ళు గడిచాయి, దేవుని దయ. అందుకే ఎవరైనా ఏదైనా నేర్పుతామంటే నాకు ఆశ. సంఘంలో కలిసిన ఒకావిడ ఉమ్ సలాల్ అవతల తోట గురించి చెప్పింది. రోజుకు ఐదు గంటలు చేయి సాయం చేస్తే తిండి, పడక ఇచ్చి, వాళ్ళు బతికే తీరు చూపిస్తారట.

"మన ఊళ్ళో చేలోకి రమ్మంటే బురదంటావు. ఇక్కడికి విమానమెక్కి వచ్చి పేడ ఎత్తుతావా?" అంది సునీత.

"అక్కడ బురద ఉండదుగా," అన్నాను.

మరిది నవ్వి తన వీపు సంచి ఇచ్చాడు. రెండు జతల బట్టలు, బైబిలు, లేసు సూది, ఉబ్బసం మందు. అంతే సామాను. రెండు రియాళ్ళకు మెట్రో దోహా దాటించింది. ఆ రైల్లో ఎవరూ ఎవరితో మాట్లాడరు. నిలబడి, పక్క సీట్లో కూర్చునున్నావిడకు నేను మన అలవాటుగా "ఎంతవరకమ్మా?" అన్నట్టు చెయ్యి తిప్పితే, ఆవిడ లేచి తన సీటు నాకు ఇచ్చేసింది.

ఉమ్ సలాల్ దాటాక

స్టేషన్ నుంచి తీసుకెళ్ళడానికి వచ్చిన తోట బండి ఆయన దారిలో ఒక టీ కొట్టు ముందు ఆగి హారన్ కొట్టాడు. లోపలినుంచి మనిషి పరిగెత్తుకొచ్చి రెండు కరక్ టీలు కిటికీలోంచి అందించాడు. ఒక్కోటి ఒక రియాల్. పాలు మరిగి మరిగి ఎర్రబడిన టీ, యాలకుల వాసన. మా ఊళ్ళో టీ కొట్టు ముందు హారన్ కొడితే "కాళ్ళు లేవా, దిగి రా" అంటారు. ఇక్కడ దిగి వెళ్తేనే వింతట.

తోట చుట్టూ గోడ. లోపల మట్టి ఇటుకల గదులు, ఆకుపచ్చ వల కింద కూరమళ్ళు, మేకలు, కోళ్ళు, పదహారు కాపు ఖర్జూరాలు. పది పన్నెండు మంది ఉంటారు. పనులు పంచేది మేరిసెల్ అనే ఫిలిప్పీన్స్ ఆవిడ. మాట మెత్తన, నిబంధనలు గట్టి. సబ్బు వాడకూడదు, గిన్నెలు బూడిదతో తోమాలి. వంటింటి నీళ్ళు ఒక్క చుక్క పారబోయకూడదు, అరటి మొక్కలకు పోయాలి. మరుగుదొడ్డిలో నీళ్ళుండవు, ఎండాకుల పొడి గుప్పెడు చల్లి రావాలి. బూడిదతో తోమడం కొత్తవాళ్ళకు ఒక గంట పాఠం. నేను ఖర్జూరపు పీచు ఉండ చుట్టి మా నాయనమ్మలా తోమి చూపిస్తే మేరిసెల్ వీడియో తీసుకుంది. మా ఊళ్ళో దాన్ని సబ్బు కొనలేకపోవడం అనేవాళ్ళం.

అక్కడి బావినీళ్ళు ఉప్పన. పాలకూర కూడా ఉప్పు వెయ్యకుండానే ఉప్పగా ఉంటుంది. కాలువల మధ్య పుట్టినదాన్ని, చుక్క చుక్క చొప్పున మొక్క మొదట్లో పడే నీటిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. భోజనం అందరికీ ఒకే పెద్ద పళ్ళెంలో, నేలమీద. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటే, తెరిచేదాకా ఎవరూ అన్నంలో చెయ్యి పెట్టలేదు. ఆ మర్యాదకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని.

చెట్టు మీది తెలుగు

రెండో రోజు పెంటికలు ఎత్తుతుంటే ఒక మేక వెనకనుంచి కుమ్మింది. "నీ దుంపతెగ!" అన్నాను, అలవాటు మీద. పైనుంచి నవ్వు వినబడింది.

"మేకకు తెలుగు రాదక్కా. అరబ్బీల తిట్టాలె."

తలెత్తితే ఖర్జూర చెట్టు మీద ఒక మనిషి. నడుముకూ చెట్టుకూ కలిపి తాడు. ఆ తాడుమీద వెనక్కి వాలి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. పేరు మల్లేశం, జగిత్యాల దగ్గర పల్లె. కట్టడం పనికని కంపెనీలో వచ్చి, గోడ కట్టడానికి ఈ తోటకు వచ్చి, చెట్లు ఎక్కడం వచ్చునని తెలిసి ఇక్కడే ఉండిపోయాడు.

"మీ ఇంట్లోవాళ్ళకు తెలుసా, నువ్వు చెట్లెక్కుతున్నావని?"

"మా ఇంటికాడ నేను దుబాయ్ల ఉన్ననుకుంటరు. ఖతర్ అని జెప్పి జెప్పి యాష్టకచ్చి బంద్ జేసిన. ఇగ చెట్ల ముచ్చట ఏం జెప్పుడు?"

దిగి వచ్చి తాడు చూపించాడు. మోకు అంటారట. ఈ చెట్ల పీచుతో తనే పేనుకున్నాడు. "మేం గౌండ్లోళ్ళం. మా అయ్య కల్లు గీసిండు, నేను గీసిన. మా తాన ఈత చెట్టుంటది సూడు, ఇది దానికి అక్క. ఆడ మెడకాడ కత్తి పెడ్తే కల్లు. ఈడ కత్తి పెడ్తే జైలు!" అని మళ్ళీ నవ్వాడు. "మొదట్ల చెయ్యి ఊకె కత్తి దిక్కే గుంజేది."

కల్లు వాసన వస్తే పక్క సందులోంచి వెళ్ళే ఇంట్లో పెరిగాను. చూపు చెట్టు వైపు తిప్పుకున్నాను. అతను అది గమనించి, మాట మార్చి, తన పని చెప్పాడు. ఖర్జూరాల్లో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. ఈ తోటలో మగది ఒక్కటే. దాని పూగుత్తిలోంచి నాలుగైదు రెమ్మలు తీసి, ఆడచెట్టు పూగుత్తిలో తలకిందులుగా గుచ్చి కట్టాలి. "గాలి మీద ఇడిస్తే ఆగమైతది. పెండ్లి మనమే చెయ్యాలె."

పది చెట్లకు ఆ పెళ్ళి అయిపోయింది. ఇంటి ముందున్న ఆరు మిగిలాయి. అవి ఖలాస్ అనే రకం, ఇక్కడివాళ్ళకు ప్రాణం. వాటి పూలు ఆలస్యంగా విచ్చుకుంటాయి. నిరుడు బయటినుంచి వచ్చిన మనుషులు పైపైన చేసి వెళ్ళిపోతే కాపు సరిగా రాలేదట. ఈసారి నాకివ్వండని మల్లేశం అడిగాడు. తోట యజమాని దోహాలో ఉంటాడు. ఇక్కడ మాట చెల్లేది అతని తల్లిది. హజ్ యాత్ర చేసొచ్చిన పెద్దావిడ కాబట్టి అందరూ ఆమెను హజ్జా అంటారు. ఒక్క ఏడాది చూస్తానందట.

"ఆ ఆరు చెట్లకు కాయ వట్టకపోతే కంపెనీకే వాపస్ పంపుతరు. క్యాంప్ల రూముకు ఎనిమిది మంది. పోయినేడాది దాక ఆడ్నే ఉన్న. ఈడ నాకు ఒక కిటికీ ఉన్నదక్కా." ఆ మాట మాత్రం నవ్వకుండా అన్నాడు.

చీపురు

నాలుగో రోజు మధ్యాహ్నం మేరిసెల్ నన్ను సామాన్ల గది సర్దమంది. పలుగులు ఒక మూల, బుట్టలు ఒక మూల పెట్టాను. వెనకగా, చీకటి మూల, పాత దుప్పటి మీద లేతరంగు ఎండు రెమ్మలు పరిచి ఉన్నాయి. జానెడు పొడవు, సన్నగా, వంకీలు తిరిగి. మీదంతా తెల్లటి దుమ్ము. ఎన్నాళ్ళనుంచి పడి ఉన్నాయో అనుకున్నాను. మా ఇళ్ళల్లో ఈతాకు గానీ కొబ్బరి ఈనె గానీ ఊరికే పడి ఉంటే ఆడవాళ్ళ చెయ్యి ఆగదు. వంటింట్లో పిండి ఊడ్చుకోవడానికి వాళ్ళకు చిన్న చీపురు లేదని రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను.

రెమ్మలన్నీ బయటకు తెచ్చి దులిపాను. దుమ్ము వదల్లేదు. బకెట్లో నానబెట్టి, రెండు నీళ్ళు పోసి తెల్లగా కడిగాను. ఆ నీళ్ళు కూడా నిబంధన ప్రకారం అరటికే పోశాను. దుప్పటి కూడా ఉతికాను. ఎండబెట్టి, మూడు చోట్ల లేసు దారంతో బిగించి, చిన్న చీపుర్లు ఐదు కట్టాను. మేరిసెల్ ఒకటి వంటింట్లో మేకుకు తగిలించి, "చూశారా, మనం పారేసేదాంట్లో ఎంత ఉందో!" అని అందరికీ చూపించింది. నేను లోపల దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను, ఈ పూట నావల్ల ఒక ఉపయోగం జరిగిందని.

ఎండ వాలాక మల్లేశం వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "అక్కా, లోపల దుప్పటి మీద పువ్వు ఎండవెట్టిన. ఎవలన్న తీసిన్రా?"

"పువ్వా? అక్కడ పువ్వులేం లేవే. ఎండు పుల్లలుంటే చీపుర్లు కట్టాను." మేకు వైపు చూపించాను. "దుమ్ము పట్టి ఉంటే శుభ్రంగా కడిగాను కూడా."

అతను చీపురు తీసి, రెమ్మల మధ్య బొటనవేలితో రాసి చూసుకున్నాడు. వేలికి ఏమీ అంటలేదు. అక్కడే గడప మీద కూర్చున్నాడు.

"దుమ్ము కాదక్కా," అన్నాడు. "గదే మొగుడు."

నేను కడిగేసింది మగపువ్వు పుప్పొడి. మగచెట్టు ముందుగా పూసేస్తుందట. ఆలస్యంగా విచ్చుకునే ఆ ఆరింటి కోసం దాని ఆఖరి రెమ్మలు నీడలో ఆరబెట్టి దాచాడు. నాకు చెప్పాల్సిన పని ఉందని అతనికి తోచలేదు, అడగాలని నాకు తోచలేదు. ఆ పొద్దుటే ఖలాస్ చెట్ల పూగుత్తులు డొప్పలు చీల్చుకుని బయటపడ్డాయి.

"ఎన్ని రోజులు ఆగుతాయి?"

"రెండు మూడు దినాలు. అండ్లనే పొడి పడాలె. లేకుంటే ఇగ లాభం లేదు."

హజ్జా

హజ్జాకు డెబ్బై దాటి ఉంటాయి. మనిషి సన్నం, చూపు పదును. అరబ్బీ, పనివాళ్ళ దగ్గర పట్టుకున్న హిందీ కలిపి మాట్లాడుతుంది. రోజూ ఆ వేళకు తోట చుట్టి వస్తుంది. పూలు విచ్చుకున్నా మల్లేశం కిందే ఉండడం చూసి ఆగింది.

"ఎందుకు ఎక్కలేదు?"

"పువ్వు మాఫీ, హజ్జా." లేదు అని. "నేనే తడి నేల మీద పెట్టిన. బూజు వట్టింది. నాదే తప్పు." నాకు వచ్చిన కొద్దిపాటి హిందీతో అంతా అర్థమైంది.

నేను అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాను. ఊరుకుంటే ఆ తప్పు అతనిదై పోతుంది. ఊరుకోవడం నేర్పని ఇంట్లో పెరిగాను. వంటింట్లోకి వెళ్ళి చీపురు తెచ్చి హజ్జా చేతిలో పెట్టి, నా గుండెమీద చెయ్యి పెట్టుకుని, "నేను" అన్నాను. బకెట్ చూపించాను. కడిగినట్టు చేతులు ఆడించాను.

ఆమె చీపురు అటూ ఇటూ తిప్పి చూసింది. వంగి గడప మీద రెండుసార్లు ఊడ్చింది. "మంచి చీపురు," అంది. నా మీద కోపం ఏమీ లేదు. కానీ మల్లేశం వైపు తిరిగేసరికి ఆమె ముఖం మారింది.

"పువ్వు పోతే పువ్వు దొరుకుతుంది. చెట్టు మీద ఏం జరిగిందో నేను పైకెక్కి చూడలేను. నువ్వు దిగి చెప్పిందే నమ్ముతాను. నా ముఖం మీద అబద్ధం చెప్పావు."

అతను తల దించుకున్నాడు. ఆమె చీపురు పట్టుకునే లోపలికి వెళ్ళిపోయింది.

నేను అతని దగ్గరకు వెళ్ళి, క్షమించు తమ్ముడూ అన్నాను.

"పువ్వు సంగతి ఇడిసిపెట్టు అక్కా, తెల్వక జేసినవ్. గిప్పుడు జెప్పుమని ఎవరడిగిన్రు?" గొంతు పెంచలేదు. "నువ్వు చుట్టానివి. నాలుగు దినాలైతే పోతవ్. పువ్వు పాడైతే తిడుతది, ఊకుంటది. నువ్వు నిజం జెప్పి మంచిదానివైనవ్. నేను దొంగనైన."

నిజం చెప్తే మంచే జరుగుతుందని నమ్మి బతికినదాన్ని. ఆ పూట నిజం చెప్పి ఒక మనిషి కిటికీకి ఎసరు పెట్టాను.

పక్క తోట

మర్నాడు శుక్రవారం. ఖతర్‌లో మన సంఘాలు చాలావరకు శుక్రవారమే కూడుకుంటాయి. నేను ఆ రోజు ఆరాధనకు దోహా వెళ్ళాలని ముందే అనుకున్నాను. వెళ్ళలేదు. పొద్దున్నే హజ్జా వాకిట్లో నిలబడి "యల్లా" అంది, పదండి అని, మల్లేశాన్నీ నన్నూ కలిపి. కాఫీ ఫ్లాస్కు నా చేతికిచ్చి కారెక్కమంది.

పక్క తోట ముసలాయన రేడియో వింటూ కూర్చుని ఉన్నాడు. ముందు కాఫీ, తరవాత ఖర్జూరాలు, తరవాత ఇద్దరి పిల్లల క్షేమాలు, మోకాళ్ళ నొప్పులు. అరగంట దాకా పువ్వు మాట ఎత్తలేదు. మల్లేశం మాత్రం గుమ్మం దగ్గర కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాడు. చివరకు హజ్జా నన్ను చూపించి, చీపురు కథ మొత్తం చెప్పింది. ఊడ్చి కూడా చూపించింది. ఆయన పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వాడు. నవ్వు అయ్యాక లోపలికి వెళ్ళి, డొప్ప ఇంకా పూర్తిగా విడవని ఒక మగ పూగుత్తి తెచ్చాడు. ఆయన దగ్గరా అదే ఆఖరుది. మగపువ్వు అడిగినవాళ్ళకు లేదనకూడదట. దారిలో హజ్జా చెప్పింది.

తోటకు రాగానే దాన్ని మల్లేశం చేతిలో పెట్టి, "ఆరు చెట్లు. ఒక పువ్వు. కాయ చూశాక మాట్లాడతాను," అంది.

రెమ్మలు గుచ్చుకుంటూ పోతే అది మూడు చెట్లకే సరిపోతుంది. మల్లేశం నా వైపు చూడకుండానే అడిగాడు. "అక్కా, గోధుమపిండి జల్లెడ వడ్తవా? సన్నంగ. సున్నమంత సన్నంగ."

పిండి నా పల్చటి చున్నీలోంచి జల్లించాను. పూగుత్తి దులిపితే రాలిన పొడి చారెడు లేదు. అది ఆరు చెట్లకూ సాగాలని పిండి కలిపాడు, చేత్తో కొలిచి, వేళ్ళమధ్య రాసి చూసుకుని. అతను పాత పంచె ముక్కలు చింపి ఇస్తుంటే, నేను చిటికెడు చిటికెడు పోసి నిమ్మకాయంత మూటలు కట్టాను. ఎనిమిదేళ్ళ వయసునుంచి లేసు ముడులు వేసిన చేతులు. నలభై ఎనిమిది మూటలు కట్టినా ఒక్కటి జారలేదు.

"చీపురు లెక్క గట్టిగ కట్టకు," అన్నాడు. "పొడి రాలాలె."

అది వెటకారమే. అయినా, నిన్నటినుంచి అతను నాతో అన్న మొదటి అదనపు మాట. సంతోషంగా ముడి సడలించాను.

మోకు బిగించి ఎక్కాడు. ఒక్కో గుత్తి మీద మూట పట్టుకుని పుల్లతో చిన్నగా తడుతుంటే తెల్లటి పొగలాంటిది లేచి పువ్వుల మీద వాలేది. నేను కింద మూటలు అందిస్తూ నిలబడ్డాను. కొంత నా తల మీదా పడింది. దులుపుకోవడానికి చెయ్యి వెళ్ళి ఆగింది. హజ్జా నీడలో కుర్చీ వేసుకుని ఆరో చెట్టు అయ్యేదాకా చూసి, నమాజు వేళకు లేచి వెళ్ళింది. బాగుందనలేదు, బాగులేదనలేదు.

వచ్చేసిన రోజు

మిగతా మూడు రోజులు కలుపు తీశాను. పిండి వడియాలు పెట్టి చూపించాను. మేరిసెల్ వీటి వీడియో కూడా తీసుకుంది. రోజూ ఆ ఆరు చెట్ల కింద నిలబడి పైకి చూసేదాన్ని. ఏమీ తెలిసేది కాదు. కాయ పట్టిందో లేదో తేలడానికి వారాలు పడుతుందట. మల్లేశం నాతో మామూలుగానే మాట్లాడాడు. బండి ఎక్కుతుంటే నా ఫోన్‌లో తన నంబరు తనే కొట్టి పెట్టాడు. "కాయ వడితే నేనే చేస్త. లేకుంటే నువ్వు చేసినా ఫోన్ ఎత్తను," అన్నాడు.

ఇంటికి

ఏప్రిల్ పోయింది. మే పోయింది. ఫోన్ చేయాలని చాలాసార్లు అనుకుని మానేశాను. తొలకరి పడ్డ వారంలో ఒక ఫోటో వచ్చింది. ఆకుపచ్చ గెలలు, చెట్టు మెడ చుట్టూ వేలాడుతూ. దాని వెనకే అతను మాట్లాడి పంపిన సందేశం.

"అక్కా, ఐదు చెట్లు వట్టినయ్. ఒకదానికి గింజ లేని పిందెలే, అన్నీ రాలినయ్. పిండి ఎక్వైనట్టుంది. నేనేమో ఒకటి పోయిందని భయపడ్డ. గని ముసలామె కొడుక్కు మొన్ననే జెప్పిందట, కాయ లెక్క వెట్టకముందే. వీడు అబద్ధం ఆడుతడు, గని తన కోసం ఆడడు, చెట్లు వీనికే ఉండనియ్యి అన్నదట. మేరిసెల్ జెప్పింది." కాసేపు మోకు చెట్టుకు రాసుకుంటున్న చప్పుడు. "గా దినం నీ మీద కోపం జేసిన. మనసుల వెట్టుకోకు. నువ్వు రోజు దేవునికి జెప్పుకుంటవ్ గద, నా అబద్ధం సంగతి గూడ ఒకమాట జెప్పు."

చెప్పాను. ప్రార్థనలో తప్పులు ఒప్పుకునే చోట కాదు, పొందిన మేళ్ళు చెప్పుకునే చోట.